స్టార్ ట్రెక్, స్టార్‌గేట్, డాక్టర్ హూ ఒకే విశ్వంలో ఇముడుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్న మీరు నలుగురు మిత్రులు హాలు గోడకు తెల్ల చార్టులు అంటించి, తమకు ఇష్టమైన సైన్స్ ఫిక్షన్ సీరియళ్లన్నిటినీ ఒకే విశ్వంగా గీయాలని కూర్చున్నారు. మూడో ఆదివారానికే మాటా మాటా పెరిగి పని ఆగిపోయింది. స్టార్ ట్రెక్‌లోని క్లింగన్లు, బాబిలోన్ 5లోని మిన్‌బారీలు అనే గ్రహాంతర జాతులు ఒకే కాలంలో ఉంటే ఒకరి సంగతి ఒకరికి ఎందుకు తెలియదన్నది ఒక గొడవ. స్టార్‌గేట్‌లోని మనుషులకు స్టార్ ట్రెక్ ఒక టీవీ కార్యక్రమంగా తెలుసు కదా, అలాంటప్పుడు ఆ రెండూ ఒకే లోకం ఎలా అవుతాయన్నది రెండో గొడవ. అసలు ఇది కుదిరే పనేనా అని అడిగారు.

కుదురుతుంది. నేను ముప్పయ్యేళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. తార్నాకలో మా ఇంటి బీరువాలో పదకొండు నోటు పుస్తకాలు ఈ లెక్కలతోనే నిండి ఉన్నాయి. మొదటిది బడి రోజులది. 1980లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక గ్రహాలు తిరిగే స్టార్ ట్రెక్ వచ్చేది. పక్కింటివారి నలుపు తెలుపు టీవీ ముందు చాప మీద కూర్చుని చూసి, ఇంటికి వచ్చి ఏ గ్రహానికి వెళ్లారో, అక్కడ ఎవరు కనిపించారో రాసుకునేవాడిని. అప్పట్లో ఆ నౌక సిబ్బంది చొక్కాలకు రంగులున్నాయని కూడా నాకు తెలియదు.

మీరు చేసిన పొరపాటు గ్రహాంతర జాతులతో మొదలుపెట్టడం. జాతులతో మొదలుపెడితే ప్రతివారూ తమకు నచ్చిన జాతి తరఫున వకాల్తా పుచ్చుకుంటారు, గొడవ తప్పదు. పద్ధతి మార్చండి. ఆ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, ఈ ఊరిలోనే ఒక శతాబ్దం కిందట నక్షత్రాల కోసం నడిచింది.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై మొత్తం ఆకాశాన్ని ఫోటో తీయాలని నిర్ణయించారు. ఒక్క వేధశాల వల్ల అయ్యే పని కాదు కనుక ఆకాశాన్ని అడ్డపట్టీలుగా విడగొట్టి ప్రపంచంలో ఇరవై దాకా వేధశాలలకు పంచారు. చిలీలోని సాంటియాగోకు ఇచ్చిన పట్టీ పని అక్కడ ముందుకు సాగకపోవడంతో మన బేగంపేటలోని నిజామియా వేధశాలకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న ఆకాశం అది. ఎనిమిది అంగుళాల కుక్ దూరదర్శినితో గాజు పలకల మీద ఆ నక్షత్రాలన్నిటినీ పట్టారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అలాంటి పలక ఒకటి మా అధ్యాపకులు వెలుతురుకు ఎత్తి చూపించారు. అందులో అంతా తారుమారు. ఆకాశం తేటగా ఉంటుంది, నక్షత్రాలు నల్లటి చుక్కలు. వాటి మీదుగా వెంట్రుకంత సన్నని గీతలతో గళ్లు, ఒక్కో గడి అయిదు మిల్లీమీటర్లు. ఒక మనిషి భూతద్దానికి కన్ను ఆనించి ప్రతి చుక్క ఏ గడిలో ఎంత దూరంలో ఉందో కొలిచి రాయాలి. ప్రపంచమంతటా కలిపి అలా కొలిచినవి 46 లక్షల నక్షత్రాలు.

మీ గోడకు కావలసింది ఇందులో రెండు సంగతులు. ఒకటి, ఆ పలకలను పక్కపక్కనే పేర్చలేదు. ఒక పలక మూల ఇంకో పలక నడిమధ్యకు వచ్చేలా తీశారు. అందువల్ల ప్రతి నక్షత్రమూ కనీసం రెండు పలకల మీద పడింది. ఆ ఉమ్మడి నక్షత్రాలను పట్టుకునే ఒక పలకను ఇంకో పలకకు అతికారు. రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. పలకలు వేర్వేరు సంవత్సరాల్లో తీసినవి. దశాబ్దాల తరువాత హిపార్కస్ ఉపగ్రహం అవే నక్షత్రాలను మళ్లీ కొలిస్తే చాలా చుక్కలు పాత చోట లేవు. ఎవరూ పాత పలకలను తప్పని పారవేయలేదు. ఆ తేడాను బట్టే ఏ నక్షత్రం ఎటు, ఎంత వేగంతో కదులుతోందో లెక్క కట్టారు. 2000లో వచ్చిన టైకో-2 జాబితాలోని 25 లక్షల నక్షత్రాల కదలికలకు ఈ పాత పలకలే ముఖ్యమైన ఆధారం.

ప్రతి సీరియల్‌నూ ఒక గాజు పలకగా చూడండి. రెండు సీరియళ్లలోనూ పడిన ఉమ్మడి చుక్కల దగ్గర మాత్రమే అతకండి. చుక్కలు కలవని చోట చెరపకండి, ఆ పలక ఏ సంవత్సరంలో తీసినదో పక్కన రాయండి.

ఉదాహరణకు ఖాన్ సంగతి తీసుకోండి. 1967లో ప్రసారమైన స్టార్ ట్రెక్ భాగం ప్రకారం ఖాన్ నూనియన్ సింగ్ 1992 నుంచి 1996 దాకా ఆసియా మొదలుకొని మధ్యప్రాచ్యం వరకు, ప్రపంచంలో నాలుగో వంతుకు పైగా ఏలాడు. అంటే హైదరాబాదు కూడా అతని ఏలుబడిలోనే ఉండాలి. సరిగ్గా ఆ సంవత్సరాల్లో నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్నాను, అలాంటిదేమీ జరగలేదు. అంతమాత్రాన ఆ పలక తప్పుదా? 1967లో నిలబడి ముందుకు చూసినవారికి ఆ ఏలుబడి 1990లలో కనిపించింది. 2023లో స్టార్ ట్రెక్ కుటుంబంలోని స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ ఇదే ముడిని విప్పుతూ, కాలంలో వెనక్కి వెళ్లిన వారి జోక్యం వల్ల ఆ సంఘటనలు ముందుకు జరిగాయని, ఖాన్ ఇరవై ఒకటో శతాబ్దపు టొరంటోలో ఇంకా చిన్నపిల్లవాడని చూపించింది. సంఘటన నిలిచింది, తేదీ జరిగింది. మీ గోడ మీద కూడా సంఘటనలను మేకులతో కొట్టండి, తేదీలను పెన్సిల్‌తో రాయండి.

ఇక పనికిరాని అతుకుల గురించి, ఎందుకంటే అంతర్జాలంలో ముందుగా కనబడేవి అవే. సెయింట్ ఎల్స్‌వేర్ అనే అమెరికా ఆసుపత్రి సీరియల్ 1988లో ముగిసింది. చివరి దృశ్యంలో ఆ ఆసుపత్రి అంతా టామీ వెస్ట్‌ఫాల్ అనే పిల్లవాడి చేతిలోని గాజు గోళంలో కనిపిస్తుంది, అంటే కథంతా అతని ఊహ. ఆ ఆసుపత్రి డాక్టరు ఒకరు 1998లో హోమిసైడ్ అనే పోలీసు సీరియల్‌లోకి వచ్చారు. హోమిసైడ్‌లోని డిటెక్టివ్ మంచ్ అంతకు ముందే, 1997లో, ఎక్స్-ఫైల్స్‌లో కనిపించాడు. కాబట్టి ఎక్స్-ఫైల్స్ కూడా ఆ పిల్లవాడి ఊహే అన్నారు. అలా గొలుసు పట్టుకుపోయి వందల సీరియళ్లను ఆ గాజు గోళంలో వేశారు. ఇంకో రకం అతుకు చూడండి. ఫైర్‌ఫ్లై అనే సీరియల్ తొలి కథలో తుపాకీ తెర మీద ఏలియన్ సినిమాల్లోని వేలాండ్-యుటానీ కంపెనీ గుర్తు ఉంది. 2003 బాటిల్‌స్టార్ గెలాక్టికాలో నగరం మీదుగా ఫైర్‌ఫ్లై నౌక సెరెనిటీ ఎగురుతూ పోతుంది. ఆ రెండింటికీ గ్రాఫిక్స్ చేసింది ఒకే స్టూడియో, జోయిక్. తాము ప్రేమించిన బొమ్మను ఇంకో బొమ్మలో దాచుకున్న చిత్రకారుల సంతకం అది. చూసినప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది, కాని అతుకుగా మాత్రం వాడను. అతుకు అనాలంటే ఒక కథలో మిగిలిపోయిన ప్రశ్నకు ఇంకో కథలో జవాబు దొరకాలి.

అలాంటివి నాకు తెలిసి మూడు గట్టివి ఉన్నాయి.

మొదటిది. బాటిల్‌స్టార్ గెలాక్టికా 2009 మార్చిలో ముగిసింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మానవులు చివరకు ఒక పచ్చని గ్రహం చేరతారు. అది మన భూమే, లక్షా యాభై వేల ఏళ్ల కిందటిది. అక్కడ అప్పటికే ఆదిమ మానవులు ఉంటారు, వారి జన్యువులు వచ్చినవారి జన్యువులతో కలుస్తాయి. వేరువేరు గ్రహాల మీద విడివిడిగా పుట్టిన రెండు జాతులు ఇలా కలవడం అసాధ్యమని ఆ పాత్రలే ఆశ్చర్యపోతాయి. దైవ సంకల్పం తప్ప ఇంకే వివరణా ఆ సీరియల్‌లో లేదు. ఇప్పుడు 1993లోని స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ తెరవండి. ద చేజ్ అనే భాగంలో మానవులు, క్లింగన్లు, రోములన్లు, కార్డాసియన్లు కలిసి ఒక పురాతన సందేశాన్ని బయటికి తీస్తారు. వందల కోట్ల ఏళ్ల కిందట పాలపుంతలో ఒంటరిగా ఉన్న ఒక జాతి, తమ తరువాత ఎవరైనా ఉండాలని ఎన్నో గ్రహాల మీద తమ జీవ బీజాలు చల్లింది. అందుకే అందరికీ రెండు చేతులు, రెండు కాళ్లు, ఇదే ముఖం. గెలాక్టికాలో మిగిలిన ప్రశ్నకు పదహారేళ్ల ముందే స్టార్ ట్రెక్‌లో జవాబు ఉంది. రెండు పలకల మీదా ఒకే చుక్క పడింది. ఇక్కడ మేకు కొట్టండి.

రెండోది నాకు అన్నిటికంటే ప్రియమైనది. అది శాన్ ఫ్రాన్సిస్కో. స్టార్‌గేట్ కథ మీకు తెలుసు. 1928లో గీజాలో తవ్వకాల్లో రాతి చక్రం లాంటి ద్వారం దొరుకుతుంది. దాని మీద 39 గుర్తులు, వాటిలో ఏడు సరైన వరుసలో కలిపితే ఇంకో గ్రహానికి దారి తెరుచుకుంటుంది, 38 నిమిషాలకు మించి నిలవదు. అమెరికా వైమానిక దళం కొలరాడోలో షయాన్ పర్వతం కింద దాన్ని దాచి రహస్యంగా నడుపుతుంది. ఆ కుటుంబంలోని స్టార్‌గేట్ అట్లాంటిస్ 2009 జనవరిలో ముగిసినప్పుడు, ఏన్షియంట్స్ అనే పూర్వజాతి కట్టిన నగరం అట్లాంటిస్ వేరే గెలాక్సీ నుంచి ఎగిరివచ్చి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర నీటి మీద దిగుతుంది. ఎవరికీ కనబడకుండా తెర కప్పుకొని ఉంటుంది. చివరి దృశ్యంలో వారంతా వసారాలో నిలబడి గోల్డెన్ గేట్ వంతెనను చూస్తారు. కథ అక్కడితో ఆగిపోయింది. ఆ నగరం ఆ తరువాత ఏమైంది?

స్టార్ ట్రెక్‌లో స్టార్‌ఫ్లీట్ ప్రధాన కార్యాలయం, అకాడమీ రెండూ ఎక్కడ ఉన్నాయి? శాన్ ఫ్రాన్సిస్కోలో, అదే వంతెన పక్కన. గ్రహాల సమాఖ్య అధ్యక్షుని కార్యాలయమేమో పారిస్‌లో. నక్షత్ర నౌకాదళాన్ని మాత్రం ఒక రేవు పట్టణంలో, ఆ అఖాతం ఒడ్డునే ఎందుకు పెట్టారన్నదానికి ఆ సీరియల్‌లో కారణం కనబడదు. నీటి కింద ఏముందో కొందరికి తెలుసు కనుక అని నేను రాసుకున్నాను.

మీ మిత్రుడు వెంటనే అడ్డం వేస్తాడు. భూమి మీద 1997 నుంచి ద్వారం నడుస్తోంది, 2003 నాటికి ప్రొమీథియస్ అనే నౌక కూడా ఉంది, మరి 2063లో స్టార్ ట్రెక్‌లోని జెఫ్రమ్ కోక్రేన్ అణు క్షిపణిని మార్చి, కాంతిని మించి పోయే తొలి వార్ప్ నౌక ఎగరవేయవలసిన అవసరం ఏమిటి? మంచి ప్రశ్న. నాకు రెండేళ్లు పట్టింది. జవాబు స్టార్ ట్రెక్‌లోనే ఉంది. 2053లో ముగిసిన మూడో ప్రపంచ యుద్ధంలో అరవై కోట్ల మంది చనిపోయారని అందులో చెబుతారు. ద్వారం సంగతి తెలిసింది ఎంతమందికి? ఒక పర్వతం కింద పనిచేసేవారికీ, కొద్దిమంది అధికారులకూ. దేశాలే కూలిపోయినప్పుడు అలాంటి రహస్యం తెలిసినవారితోనే పోతుంది. మరి 2003 నుంచే మన నౌకలు తిరుగుతుంటే, స్టార్ ట్రెక్‌లో భూమిని మొదట పలకరించిన జాతి వల్కన్లు అప్పుడే ఎందుకు రాలేదు, 2063 దాకా ఎందుకు ఆగారు? వల్కన్లు పసిగట్టింది వార్ప్ జాడను. స్టార్‌గేట్ నౌకలు వార్ప్‌లో వెళ్లవు, హైపర్‌స్పేస్‌లో వెళతాయి. ఇంకో దారిలో పోయే బండి దుమ్ము ఈ దారిలో నిలబడినవాడికి కనబడదు.

ప్రయాణ సాధనాల గురించి మీరు రాసిన గొడవ కూడా దీనితో చాలా వరకు తీరుతుంది. వార్ప్ ఉంటే బాబిలోన్ 5లోని జంప్ గేట్లు ఎందుకు, జంప్ గేట్లుంటే స్టార్‌గేట్ ఎందుకు అని వాదించుకున్నారట. సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ ఉంది, మెట్రో ఉంది, బస్సూ ఉంది. ఒకటి ఉన్నంత మాత్రాన మిగతావి అబద్ధం కావు. ఎవరి చేతికి ఏది ముందు దొరికిందో వారు దానిలో వెళ్లారు. పైగా పాలపుంత అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు. ఇరవై నాలుగో శతాబ్దంలో స్టార్ ట్రెక్ సమాఖ్య విస్తరించినది ఎనిమిది వేల కాంతి సంవత్సరాలు మాత్రమే.

మూడో అతుకు ఫైర్‌ఫ్లై. 2002లో వచ్చిన పద్నాలుగు భాగాల చిన్న సీరియల్, కథాకాలం 2517. అందులో భూమి ఎప్పుడో పనికిరాకుండా పోయిందని, అందరూ వదిలి వచ్చారని చెబుతారు. స్టార్ ట్రెక్‌లో అదే కాలానికి భూమి పచ్చగా ఉంది. ఇది కుదరదని చార్టు నుంచి తీసేశామని రాశారు. వెనక్కి తెచ్చి పెట్టండి. సెరెనిటీ నౌకలో ఎవరైనా భూమిని కళ్లారా చూశారా? లేదు. తాతలు చెప్పిన మాట చెబుతున్నారు. మూడో ప్రపంచ యుద్ధం మధ్యలో, భూమి ఇక బతకదని నమ్మి నౌకలెక్కి వెళ్లిపోయినవారి మనవలు వారు. వెనక భూమి కోలుకున్నదని వారికి చెప్పేవారెవరు? వార్ప్ లేని నౌకల్లో తరాల తరబడి సాగి ఒక మారుమూల నక్షత్ర మండలం చేరుకున్నారు. నిద్రాస్థితిలో మనుషులను మోసుకుపోయే నౌక స్టార్ ట్రెక్‌లో కూడా ఉంది, ఖాన్ పారిపోయినది అలాంటి నౌకలోనే. పాత్ర చెప్పిన మాటకూ, మనకు కళ్లకు చూపించిన దృశ్యానికీ ఒకే విలువ ఇవ్వకూడదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ చార్టు మీద సగం ఎర్ర గీతలు పోతాయి.

ఇప్పుడు టీవీలో టీవీ సంగతి. మీ తమ్ముడు ఇది తేల్చేదాకా గోడ ముట్టుకోనన్నాడట. స్టార్‌గేట్‌లో కర్నల్ ఓనీల్ కొత్త నౌకకు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెడదామంటాడు. 2005 డాక్టర్ హూలో డాక్టర్ సహచరి రోజ్ మాటల్లో స్టార్ ట్రెక్ పాత్ర స్పాక్ పేరు వస్తుంది. నిజమే. అయితే స్టార్‌గేట్ ఎస్‌జీ-1 నూరో భాగం, 2001లో వచ్చిన వార్మ్‌హోల్ ఎక్స్-ట్రీమ్ చూడమనండి. అందులో ఒక గ్రహాంతరవాసి తనకు తెలియకుండానే ఆ రహస్య కార్యక్రమాన్ని టీవీ సీరియల్‌గా తీయిస్తాడు. వైమానిక దళానికి అది తెలిసినా అడ్డు చెప్పదు. ఎప్పుడైనా నిజం బయటపడితే టీవీలో చూసిన కథే కదా అని జనం కొట్టిపారేస్తారని. అంటే ఆ లోకంలోనే నిజమూ, దాని మీద తీసిన సీరియలూ పక్కపక్కన ఉన్నాయి. స్టార్ ట్రెక్ కుటుంబంలోనిదే, ఒక అంతరిక్ష కేంద్రంలో నడిచే డీప్ స్పేస్ నైన్‌లో 1998లో ఇంకా లోతైనది వచ్చింది. 1953 న్యూయార్క్‌లో బెన్నీ రస్సెల్ అనే నల్లజాతి రచయిత, తన కథను ఎవరూ అచ్చు వేయకపోయినా, ఆ అంతరిక్ష కేంద్రం గురించి రాస్తూనే ఉంటాడు. అతను ఆ కేంద్రపు కెప్టెన్ సిస్కోను ఊహిస్తున్నాడా, సిస్కో అతన్ని చూస్తున్నాడా అన్నది అక్కడ తేలదు. ఆ భాగం చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

మనకైతే ఇది కొత్త కూడా కాదు. రామాయణం రాసిన వాల్మీకి రామాయణంలోనే ఉన్నాడు. సీతమ్మకు ఆశ్రయం ఇచ్చింది ఆయనే. కుశలవులు రాముని సభలో నిలబడి రాముని కథను రాముడికే పాడి వినిపించారు. ఆ పాట ఉన్నందువల్ల రాముడు లేడని మన ఇళ్లలో ఎవరూ అనలేదు. కథ తన లోకంలోనే కథగా వినిపించడాన్ని ఇలా విని పెరిగినవాళ్లం, స్టార్ ట్రెక్ ఇంకో సీరియల్‌లో టీవీలో కనబడితే ఎందుకు ఆగిపోవాలి?

ఇక మిగిలినవి నిజంగా కలవనివి. బాబిలోన్ 5, ఎక్స్‌పాన్స్. వీటిని అతకాలని నేను పదేళ్లు ప్రయత్నించాను. బాబిలోన్ 5లో 2258 నాటికి భూమిని జెనీవా నుంచి ఎర్త్ అలయన్స్ పాలిస్తుంది, పదేళ్ల ముందు మిన్‌బారీల చేతిలో మానవజాతి తుడిచిపెట్టుకుపోయే అంచుదాకా వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్ తరం పెరిగి పెద్దదవుతోంది. ఎక్స్‌పాన్స్ మొదలయ్యేనాటికి మానవులు సౌరకుటుంబం దాటి వెళ్లనే లేదు, భూమి, అంగారకం, గ్రహశకలాలు ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఉన్నాయి. వీరందరూ భూమిని కళ్లారా చూస్తున్నవారే. తాతలు చెప్పిన మాట అనే ఉపాయం ఇక్కడ చెల్లదు.

ఇక్కడ చాలామంది సమాంతర లోకాలు అని చేతులు దులుపుకుంటారు. స్టార్ ట్రెక్‌లో 1967 నుంచే అద్దపు లోకం ఉంది, స్టార్‌గేట్‌లోనూ డాక్టర్ హూలోనూ అలాంటివి ఉన్నాయి. నేను వాడను. సమాంతర లోకాలు ఒప్పుకున్న క్షణం ఏదైనా ఎక్కడైనా పెట్టవచ్చు, ఇక వెతకవలసినది ఏమీ ఉండదు. మీరు అడిగినది ఒకే విశ్వం.

నాకు దారి గెలాక్టికా చూపించింది. 2006లో ఒక మిత్రుడు అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ పెట్టగానే, పేర్లు పడే సంగీతంలో గాయత్రీ మంత్రం వినిపించింది. వంటింట్లోంచి మా అమ్మ బయటికి వచ్చి ఏ కార్యక్రమం ఇది అని అడిగింది. ఆ సీరియల్ మొత్తానికి మూలసూత్రం ఒకటే. ఇదంతా ఇంతకు ముందు జరిగింది, ఇకముందూ జరుగుతుంది. అందులో భూమి అనే పేరే రెండు గ్రహాలకు ఉంటుంది, ఒకటి ఎప్పుడో కాలిపోయినది, రెండోది మనది. బాబిలోన్ 5 నాలుగో సీజన్ చివరి భాగం కూడా ఇలాంటిదే చూపిస్తుంది. 2762లో భూమి మీద మహాదహనం జరిగి, మరో అయిదు వందల ఏళ్లకు మఠాల్లో సన్యాసులు పాత విద్యలను దాచుకునే స్థితికి నాగరికత పడిపోతుంది.

మన లెక్కలో ఒక మహాయుగం 43,20,000 సంవత్సరాలు. అలాంటివి వెయ్యి అయితే ఒక కల్పం. యోగవాసిష్ఠంలో భుశుండుడనే కాకి మేరు శిఖరం మీద కల్పవృక్షంలో కూర్చుని ఎన్నో సృష్టులను చూసింది. తన దగ్గరకు వచ్చిన వసిష్ఠుడితో, నీకు ఇది ఎనిమిదో జన్మ, మనం ఇంతకు ముందూ కలుసుకున్నాం అంటుంది. కొన్ని సృష్టులు అచ్చం ఇలాగే జరిగాయి, కొన్ని కొద్దిగా మారాయి, కొన్ని పూర్తిగా వేరు. అవే పేర్లు, అవే పర్వతాలు, కథ మాత్రం కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. బాబిలోన్ 5 ఒక కల్పం, ఎక్స్‌పాన్స్ ఇంకో కల్పం, స్టార్ ట్రెక్‌తో అతికినవన్నీ కలిసి వేరొక కల్పం. విశ్వం ఒకటే, విడివిడిగా పెట్టినది వాటి కాలాన్ని మాత్రమే. భౌతికశాస్త్రం చెప్పేవాడిగా ఒక మాట కూడా చెప్పాలి. మన సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు, విశ్వానిది 1,380 కోట్ల ఏళ్లు. ఇదే సూర్యుడు, బృహస్పతి చుట్టూ తిరిగే ఇదే గనిమీడ్ మళ్లీ మళ్లీ రావడానికి సైన్స్‌లో చోటు లేదు. ఇది కథలను కుట్టే దారమని తెలిసే వాడుతున్నాను.

గోడ మీద దీన్ని చూపడం సులువు. మూడు చార్టులను పక్కపక్కన అంటించకండి. పైన ఒకటి, కింద ఒకటి, దాని కింద ఒకటి అంటించండి. ఒక్కోదానిలో ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. క్లింగన్లకు మిన్‌బారీల సంగతి ఎందుకు తెలియదన్న మీ మొదటి గొడవకు జవాబు అదే, వారు వేర్వేరు వరుసల్లో ఉన్నారు.

డాక్టర్ హూను ఏ వరుసలో పెట్టాలో తేలక మీరు మధ్యలో అంటించారని ఫోటోలో చూశాను. 1963 నవంబర్ 23న మొదలై, మధ్యలో ఏళ్ల తరబడి ఆగినా మళ్లీ నడిచిన కథ, ఎన్నో ముఖాలు మార్చుకున్న ఒకే కాలయాత్రికుడు. 1964లో వచ్చిన కథలో డాలెక్‌లు అనే శత్రుజాతి వారు ఇరవై రెండో శతాబ్దపు భూమిని ఆక్రమించి ఉంటారు. స్టార్ ట్రెక్‌లో 2161లో సమాఖ్య పుట్టింది అదే శతాబ్దంలో, రెండూ ఒకే వరుసలో నిలవవు. పైగా 2010 సీజన్‌లో కాలంలో పడిన పగుళ్ల వల్ల, భూమి అంతా చూసిన డాలెక్ దండయాత్ర డాక్టర్ సహచరి ఎమీ పాండ్‌కు గుర్తే ఉండదు. కాబట్టి డాక్టర్‌ను ఒక కల్పానికి కట్టకండి. అన్ని వరుసలూ తిరిగి అన్నీ గుర్తుంచుకునే భుశుండుడి చోటు ఆయనది. నీలిరంగు కార్డు ఒకటి కత్తిరించి, దారం కట్టి, మూడు చార్టుల మీదుగా వేలాడదీయండి. 2012లో స్టార్ ట్రెక్, డాక్టర్ హూ కలిసిన కామిక్ పుస్తకం ఒకటి వచ్చింది, అందులో ఇటు బోర్గ్‌లు, అటు సైబర్‌మెన్ అనే సగం యంత్రాలైన శత్రువులు చేతులు కలుపుతారు. బాగుంటుంది, చదవండి, కాని గోడ మీదకు తేకండి. టీవీలో వచ్చినవే అన్న నియమం ఒకసారి సడలిస్తే మళ్లీ కట్టుకోలేరు.

రెడ్ డ్వార్ఫ్ గురించి అడిగారు. అది ముప్పై లక్షల ఏళ్ల తరువాతి కథ, ఎవరితోనూ తగాదా లేదు. కుడి చివర పెట్టండి.

వచ్చే ఆదివారం శాన్ ఫ్రాన్సిస్కో అతుకు ఒక్కటే చేయండి. అట్లాంటిస్ చివరి భాగం నలుగురూ కలిసి చూసి, ఎవరికి వారు ఒక కార్డు మీద కళ్లకు కనబడినది మాత్రమే రాయండి, ఊహించినది వెనక వైపు రాయండి. నాలుగు కార్డులూ పక్కన పెట్టి చూసుకుంటే ఇద్దరు ఒకే దృశ్యాన్ని వేరుగా చూసిన చోట్లు బయటపడతాయి. మీ గొడవల్లో చాలా వరకు అక్కడ పుట్టినవే.

ఇంకొకటి. మీ జాబితాలో ఇరవై రెండు సీరియళ్లున్నాయి, మన దేశానివి ఒక్కటీ లేవు. దూరదర్శన్‌లో 1980ల చివర స్పేస్ సిటీ సిగ్మా వచ్చింది, పిల్లల కోసం ఇంద్రధనుష్ వచ్చింది, 1998లో కేతన్ మెహతా తీసిన కెప్టెన్ వ్యోమ్‌లో మిలింద్ సోమన్ నటించాడు. వాటికి చోటు ఖాళీ ఉంచండి. మీ నాన్నగారు ఆ రోజుల్లో చూసి ఉంటారు. ఫోన్ చేసి గుర్తున్నది అడగండి, కార్డు మీద ఆయన చెప్పినట్టే రాయండి, చెప్పిన తేదీ వెనక వేయండి.